జాకీకి తొడిగిన ముసుగు

జక్రయ్య కిందటి ఫిబ్రవరిలో పోయాడు. ఊపిరితిత్తులు అట్టకట్టిపోయాయని డాక్టరు చెప్పాడు. ముప్పై ఏళ్ళు దూది నుసి పీల్చిన మనిషి. అద్దంకి దగ్గర మా జిన్నింగు మిల్లులో దూదిని బేళ్ళుగా నొక్కే ప్రెస్సుకు అతను మెకానిక్కు, నేను కాటా గుమస్తాను.

ఆ ప్రెస్సు దిగినప్పుడల్లా చీరాలలో మగ్గాలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ ఆడేవని అప్పట్లో అందరికీ చెప్పేవాణ్ణి. నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. ఇక్కడి నుంచి చెప్పేదాంట్లో మాత్రం అబద్ధం ఒక్కటే ఉంది. అది నాది కాదు.

ప్రెస్సుకు ప్రాణం దాని జాకీ. ఏడాదికోసారి మిషను చూడ్డానికి వచ్చే ఇంజనీరు దాన్ని యాక్చుయేటరు అనేవాడు. తొడంత లావు ఇనుప గొట్టం, లోపల పిస్టను, దానికి అద్దంలా మెరిసే రాడ్డు. పంపు ఆయిలును ఒకవైపు నుంచి తోస్తే రాడ్డు బయటికొచ్చి, రెండు నిలువుల ఎత్తు దూదిని మోకాలెత్తుకు నొక్కుతుంది. ఆయిలును రెండో వైపుకు మళ్ళిస్తే వెనక్కి పోతుంది. ఇంత బలాన్నీ పట్టి ఉంచేది పిస్టను చుట్టూ ఉండే రబ్బరు సీలు.

చుట్టుపక్కల మిల్లుల్లో జాకీలు రెండేళ్ళు తిరక్కుండానే మూలనపడేవి. ఎందుకో జక్రయ్య కనిపెట్టాడు. రాడ్డు మీద ఆయిలు తడి ఉంటుంది. తుడవాలంటే మిల్లులో దూదికేం కరువు? ఎవరికి వాళ్ళు గుప్పెడు దూది లాగి తుడిచేస్తారు. పీచు రాడ్డుకు అంటుకుంటుంది. రాడ్డు లోపలికి పోతూ దాన్ని, దాంతోపాటు ఉన్న దుమ్మును తీసుకుపోతుంది. రోజుకో నలుసు. అది ఆయిల్లో కలిసి సీలును కొంచెం కొంచెంగా కోస్తుంది. బయటికి చుక్క కూడా కారదు. లోపల మాత్రం ఆయిలు సీలు దాటి అవతలికి జారిపోతుంటుంది. పంపు రొప్పుతుంది, జాకీకి బలముండదు. విప్పి చూస్తే గానీ తెలియదు.

అందుకని తన జాకీ మీద దూది పడనిచ్చేవాడు కాదు. భార్య రెబ్కా ఉతికిచ్చిన పాత నూలుచీర ముక్కలతోనే తుడిచేవాడు.

అప్పటికే అతనికి సోమవారాలు ఆయాసం వచ్చేది. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడిన మనిషి, సోమవారం మిల్లులో అడుగుపెట్టగానే ఛాతీ పట్టుకునేవాడు. రెబ్కా అదే చీరలో ఒక ముక్క కత్తిరించి, అంచు కుట్టి, ముక్కుకు కట్టుకోమని ఇచ్చింది.

కట్టుకొచ్చాడు. బైబిల్లో, దూరాన ఇస్సాకును చూడగానే పెళ్ళికూతురు రెబ్కా ఒంటె దిగి ముసుగేసుకుందని కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పారు. కాటా దగ్గర పాతికమంది ఉన్నారు.

"ఏమ్మా రెబ్కమ్మా, ఒంటె దిగావా? మరి ఇస్సాకు ఏడీ?" అన్నాను.

మిల్లంతా నవ్వింది. జక్రయ్యా నవ్వాడు. మర్నాడు అతని మొహానికి గుడ్డ లేదు. దానికి ఇంకో నాలుగు ముక్కలు కలిపి సంచిలా కుట్టి, జాకీ రాడ్డుకు తొడిగాడు.

"దీనికి సిగ్గేముందిలెండి గుమస్తాగారూ," అన్నాడు.

ఆ జాకీ తొమ్మిదేళ్ళు సీలు మార్చకుండా పనిచేసింది. ఇంజనీరు విప్పి చూసి, లోపల గీత కూడా లేదని ఫోటో తీసుకున్నాడు. జక్రయ్యకు మాత్రం సోమవారపు ఆయాసం మంగళవారానికి పాకింది. ఆ తర్వాత వారమంతా ఉండిపోయింది. ప్రెస్సు మెట్లు ఎక్కలేక పని మానేశాడు. మరుసటి ఏడు కరోనా వచ్చి మిల్లులో అందరూ ముక్కులు కప్పుకున్నారు. నేనూ కట్టుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

పోయే ముందు వారం చూడబోయాను. మంచం పక్కన ఆక్సిజన్ మిషను గురగురలాడుతోంది. ముక్కులో గొట్టం. జాకీ ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను, తొడుగు కూడా ఉందన్నాను. ఆ తర్వాత ధైర్యం చేసి ఒంటె మాట ఎత్తాను. నా వల్లే కదా అన్నాను.

"భలేవారే," అన్నాడు. మూడుసార్లు ఊపిరి తీసుకుని మిగతాది పూర్తిచేశాడు. "ఆ రోజే రెబ్కాకి చెప్పా. పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఆ గుడ్డ ఉక్కపోసి తీసేశానండీ, అంతే."

రెబ్కా మంచం కోడు దగ్గర కూర్చుని ఉంది.

నేను లేస్తే వాకిలి దాకా వచ్చింది.

"మొదటిరోజు ఆ గుడ్డ ఉతికితే బకెట్లో నుసి తేలింది అన్నయ్యగారూ. ఆ తర్వాత ఎప్పుడు ఉతికినా ఆయిలే. ఎందుకు తీశావయ్యా అంటే ఏనాడూ చెప్పలేదు." ఆగి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ ఒంటె మాట ఇయ్యాలే విన్నా."

లోపల మిషను కూత పెడితే వెళ్ళిపోయింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.