తాయారు తాళం వేసిన పీపా

పెనుగంచిప్రోలు దారిలో తాయారు వాళ్ల ద్రాక్షతోట. తోటలోనే ఇల్లు, ఇంటి వెనకే వైను చేసే కొట్టం. వైను కలపడం తాయారు పని. చుక్క నోట పెట్టి ఎరగదు, వాసనతోనే తేల్చేస్తుంది. నల్లద్రాక్ష వైనులో నేరేడు వైను కలిపాక, మూలగదిలోని పాత పీపా నుంచి ఒక్క చెంబు తెచ్చి పోస్తుంది. తీసినంత కొత్తది ఆ పీపాలో నింపి, గదికి తాళం వేస్తుంది.

ఆ పీపాలోది ఆమె భర్త తిరుపతిరావు ఆఖరుసారి కాళ్లతో తొక్కిన పండ్ల వైను. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

"అందులో ఇంకా మావయ్యగారిది ఏం మిగిలుంటుందత్తయ్యా?" అని కోడలు ఉషశ్రీ ఒకసారి అడిగింది.

"పాలలో తోడెంత వేస్తామే? ఆ చుక్కే కదా కుండెడు పాలనీ పెరుగు చేసేది."

తిరుపతిరావు చెప్పుల చప్పుడుకే జడిసి బతికింది తాయారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన ఎదుట లేచి నిలబడే ఉండేది, పోయాకే కుర్చీలో కూర్చోవడం నేర్చింది. ఆయన ఆ పీపాలోనే ఉన్నాడు, తాళంచెవి తన బొడ్లో ఉంది. అదీ ఆమె నిశ్చింత.

ఈ ఏడు తాయారుకు జ్వరమొస్తే ఉషశ్రీయే వైను కలిపింది. వసారాలో కుర్చీలో కూర్చున్న అత్తగారికి గ్లాసు తెచ్చి ఇచ్చింది. తాయారు వాసన చూసింది. అచ్చం ఆ పీపా వాసనే.

"తాళంచెవి ఎప్పుడు తీశావే?"

"తియ్యలేదత్తయ్యా. ఆ గది జోలికే పోలేదు."

తాయారు బొడ్డు తడిమి చూసుకుంది. తాళంచెవి ఉంది. గ్లాసు కింద పెట్టి, కొంగు సవరించుకుని, కుర్చీలోంచి లేచి నిలబడింది.