బ్యాంకు తాళం వేసిన ఇంట్లో సంపు

మా పక్కింటి గేటుకు బ్యాంకు తాళం పడ్డాక అది రెండో వానాకాలం. నాచారంలో మాది ఇరుకు గల్లీ, రెండిళ్లకూ మధ్య ఒకటే ప్రహరీ. అప్పు కట్టలేక ఆ ఇంటాయన ఘట్‌కేసర్ వైపు అద్దెకు వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు వాకిట్లో నేల కింద కట్టిన నీళ్ల సంపుకున్న ఇనుప మూతను ఎవరో ఎత్తుకెళ్లారు. అందులో వాననీళ్లు చేరి, దోమలు పుట్టి, సాయంత్రమైతే మా కిటికీల నిండా మూగేవి.

దోమలంటే అందరికీ చిరాకు. నాకు భయం. అంతకు ముందు ఏడు మా పాపకు డెంగీ వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది. రెండోసారి వస్తే ఇంకా ప్రమాదమని డాక్టర్ చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆ సంపు గుర్తొస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

బ్యాంకుకు వెళ్లాను. "కేసు కోర్టులో ఉంది మేడం, ఇప్పుడు మేం దాని మీద ఖర్చు పెట్టలేం" అన్నారు. మున్సిపల్ ఆఫీసులో "అది ప్రైవేటు ఇల్లు, మేమెట్ల లోపలికి పోతం" అన్నారు. గల్లీలో పొగ మాత్రం కొట్టించారు. ఆ పొగకు దోమలన్నీ మా ఇంట్లోకొచ్చి తలదాచుకున్నాయి. ఆ ఇంటాయనకు ఫోన్ చేస్తే "తాళమే నా దగ్గర లేదక్కా, ఇగ నేను బాగుజేసేదేంది" అన్నాడు. ముగ్గురూ చెప్పింది నిజమే. అందుకే నాకు ఒళ్లు మండింది. నేను పాఠాలు చెప్పే బడిలో ఎవరు అల్లరి చేసినా చివరికి ఒక్కడైనా దొరుకుతాడు. తాళం వేసినవాళ్లే లోపలి సంగతీ చూసుకోవాలని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

పోనీ మనమే గోడ దిగి మూత వేద్దామంటే గల్లీలో ఎవరూ కదల్లేదు. అందరికంటే గట్టిగా అడ్డుపడింది ఎదురింటి అక్క. భర్త ఫ్యాక్టరీ పనికని జనగామ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. నేను బడికి పోతే మా పాపను చంకనేసుకుని తిప్పింది ఆమే. "బ్యాంకోళ్ల జాగల చెయ్యి పెడ్తే ఆ లోను మన మెడకు సుట్టుకుంటది టీచరమ్మా" అనేది. అలా ఏమీ ఉండదని ఎంత చెప్పినా వినదు. "లోను సంతకం పెట్టేటప్పుడు ఆ ఇంటాయనకు గూడ ఏం గాదనే జెప్పిన్రు" అని నా నోరు మూయించేది.

బతుకమ్మ దగ్గరపడింది. అడుగు పెట్టేవాళ్లు లేక ఆ వాకిలంతా బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు విరగబూసింది. ఉప్పల్ మార్కెట్లో గునుగు ధర విని వచ్చిన ఆడవాళ్లు ఊరుకుంటారా? ఒక ఆదివారం పొద్దున ఎదురింటి అక్కే మా ఇంటికొచ్చింది.

"జర మీ నిచ్చెనియ్యి, గోడ దిగి పువ్వు తెంపుకొస్త."

"మరి లోను?"

"గునుగు బతుకమ్మది. సంపు బ్యాంకుది. గది వేరే, గిది వేరే."

"అయితే ముందు సంపు మూసి, తర్వాత పూలు కోసుకో" అన్నాను. మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. నాకూ పంతమే.

మధ్యాహ్నానికి పాప ఒళ్లు కాలిపోతోంది. పిల్లను భుజాన వేసుకుని ఆటో ఎక్కుతుంటే ఎదురింటి అక్క తన గుమ్మంలో నిలబడి చూసింది. నేను పలకరించలేదు. హబ్సిగూడ ఆసుపత్రిలో రక్తం తీసుకుని కూర్చోమన్నారు. ఆ కూర్చున్నంతసేపూ బ్యాంకు మొదలుకొని బతుకమ్మ పూల దాకా అందరినీ తిట్టుకున్నాను. చివరికి డాక్టర్ వచ్చి "డెంగీ కాదమ్మా, మామూలు జ్వరమే" అన్నాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయనకు దండం కూడా పెట్టాననుకుంటా.

ఇంటికొచ్చేసరికి మా నిచ్చెన గోడ అవతల ఉంది. మా మేడ మెట్లెక్కి చూశాను. ఎదురింటి అక్క చీర ఎగదోపుకుని, బకెట్‌కు తాడు కట్టి సంపులో నీళ్లు తోడుతోంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మూతకని కడప బండ ఈడ్చుకొస్తున్నారు. గునుగు ఒక్కటీ తెంపలేదు.

నన్ను చూసి బకెట్ వదిలేసింది. "పిల్లకేమన్నరు?"

"డెంగీ కాదంట అక్కా."

ఆ బురదలోనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "లోను నా మీద రాస్తే రాసుకోని. నేను పొద్దుగాల్నే దిగాల్సుండె" అంది.

అప్పు మెడకు చుట్టుకుంటుందని ఆమె ఇంకా నమ్ముతూనే ఉంది. నమ్ముతూనే దిగింది. నాకూ ఏడుపు ఆగలేదు. పాపను మంచం మీద పడుకోబెట్టి వచ్చి, నేనూ ఆ వాకిట్లోకి దిగాను.