స్ఫటికంలో ఎర్ర పోగు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చీరాల దగ్గర కాలేజీలో ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. స్టాఫ్‌రూములో నేను కోసే కోతల సంగతి వేరు. ఇది మాత్రం జరిగింది.

నా దగ్గర పరిశోధన చేసే సుగుణ స్ఫటికాలు పెంచుతుంది. ఫాస్ఫేటు లవణాన్ని నీళ్లలో కరిగించి, చిటికెడు లోహపు ఉప్పు కలిపి, చిన్న విత్తు స్ఫటికాన్ని దారానికి కట్టి అందులో వేలాడదీయాలి. నీరు మెల్లగా ఆవిరవుతుంటే అది పెరుగుతుంది. కంటికి కనిపించని లేజరు కిరణం దానిగుండా వెళ్లి, ఆకుపచ్చ వెలుగై బయటికొస్తుంది. ఆ వెలుగును పెంచడమే ఆమె థీసిస్.

విత్తు కట్టే పని మా అటెండరు నాగేశ్వరరావుది. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడు. తెగిన పోగులు అతికే ముడే వేసి, ఎర్ర పట్టుపోగుతో కట్టేవాడు. ఒక్కటీ జారేది కాదు. ఎండాకాలంలో గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత మేము నైలాను దారంతో కట్టిన ప్రతి విత్తూ జారి, బీకరు అడుగున మబ్బుపట్టిన గడ్డయింది.

దసరా సెలవుల ముందు ఆఖరి బీకరు పెట్టాం. సెలవులయ్యాక వారానికే సుగుణ థీసిస్ ఇవ్వాల్సిన గడువు. గదికి ఒకటే తాళంచెవి, అది నా జేబులో.

తిరిగొచ్చి తలుపు తీస్తే నైలాను దారం ఎప్పటిలాగే ఖాళీ. పక్కన ఇంకో పోగు, ఎర్రది. దాని చివర బొటనవేలంత స్ఫటికం, గాజుకన్నా తేటగా!

"నిజం చెప్పండి సార్, మీరే కట్టారు కదూ?" అంది సుగుణ. నా పరువు అలాంటిది.

లేజరు పెట్టాం. మీటరు పాడైందేమోనని మూడుసార్లు మళ్లీ చూశాం. అంత వెలుగు ముందెప్పుడూ రాలేదు. యాభై ఏళ్లవాణ్ని, గంతేశాను. సుగుణ ప్రార్థన చేసుకుంటూనే నవ్వేసింది.

అది పట్టుకుని ఇద్దరం నాగేశ్వరరావు భార్య వీరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ స్ఫటికం లోపలి ముడిని కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది.

"ఆయన ముడిలాగే ఉంది మాస్టారూ. వేళ్లకు తగిల్తేగానీ చెప్పలేను."

నీళ్లలో వేస్తే స్ఫటికం కరిగి ముడి ఆవిడ చేతికొస్తుంది. నా జన్మలో ఒక్క కథయినా రుజువవుతుంది. వీరమ్మ చెంబుతో నీళ్లు కూడా తెచ్చింది. సుగుణ నా చేతివంకే చూస్తోంది.

స్ఫటికాన్ని దూదిలో చుట్టి సుగుణకిచ్చేశాను.

ఆమెకు డాక్టరేటు వచ్చింది. నా కోతలన్నిట్లోకీ ఇదే పెద్దదని స్టాఫ్‌రూములో ఇప్పటికీ నవ్వుతారు. ఆ ముడి ఎవరు వేశారో నాకు ఈరోజుకీ అంతుపట్టదు. వీరమ్మ మాత్రం అప్పుడప్పుడూ ల్యాబుకొచ్చి, ఆ స్ఫటికం ఉంచిన అద్దాల పెట్టె ముందు కాసేపు నిలబడి, బొటనవేలూ చూపుడువేలూ ఉత్తినే నలుపుకుని వెళ్తుంది.