హోరు లేని జలపాతం, వాచిన మూతి

మే నెలలో ఒక ఆదివారం, ఒకే ఒక్క పూటలో నేను పరువునీ మూతినీ రెండింటినీ పోగొట్టుకున్నాను. మూతి వారం రోజులకి తన స్థానంలోకి వచ్చింది. పరువు ఇంకా దారిలోనే ఉంది. జాలిపడకండి, హాయిగా నవ్వుకోండి.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమస్తాని. గుండు పప్పా, బద్దా, నూకా అన్నది దూరం నుంచే చెప్పేసేవాణ్ణి. రాజమండ్రి నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సుధ. ఫోటో చూసిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. ఈ పిల్ల కాకపోతే పెళ్లే వద్దనుకున్నాను.

వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి, "పావుగంట కూర్చుని కాఫీ తాగితే మనిషేం తెలుస్తాడండీ? ఒక రోజంతా కలిసి తిరుగుదాం. మీ వైపు చూడదగ్గవి ఏమున్నాయి?" అన్నారు.

ఇంక నా నోరు ఆగుతుందా?

"మహేంద్రగిరి దిగువన జలపాతం ఉందండీ! దాని హోరు రెండు మైళ్లు వినిపిస్తుంది. తుంపర్లకి గొడుగు వేసుకోవాల్సిందే. అక్కణ్ణుంచి బారువ సముద్రం, సాయంత్రానికి ఇచ్ఛాపురం. అన్నీ నేనే దగ్గరుండి చూపిస్తాను!"

పక్కనే ఉండి ఇదంతా విన్న మా మేనత్త కొడుకు సూరిబావ తల పట్టుకున్నాడు. కారు అతనిది, నడపాల్సిందీ అతనే.

"ఆ గెడ్డ నువ్వెప్పుడైనా సూసేవేటి బావా?" అన్నాడు. కొండవాగుని మా వైపు గెడ్డ అంటారు.

"పక్కనున్నదాన్ని ఎవులు సూత్తారు బావా? దూరపోళ్లు సూత్తారు."

"మరి ఆ హోరేటి?"

"జలపాతమన్నాక హోరుండదేటి?"

ఆదివారం ఉదయం తండ్రీకూతుళ్లు దిగారు. ఆయన నెత్తిన టోపీ, మెడలో కెమెరా, చంకలో గొడుగు. తడిసిపోతామని సుధ తువ్వాళ్లు కూడా తెచ్చుకుంది. అవి చూసి సూరిబావ దగ్గు నటించాడు.

దారి అయిపోయిన చోట కారు ఆపి, జీడితోటల్లోంచి నడిచాం. కాసేపటికి ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "హోరు ఏదండీ?" అన్నారు.

"గాలి అటు తిరిగిందండీ" అన్నాను. ఆకు కూడా కదలడం లేదు.

తీరా చేరితే నల్లటి కొండరాయి, దాని మధ్య వేలెడంత తడి చార. మా వీధి కొళాయి ఇంతకన్నా బాగా వస్తుంది. నీళ్లు పడాల్సిన చోట నాలుగు మేకలు పడుకుని నెమరేస్తున్నాయి. ఆయన కెమెరా మూసి గొడుగు విప్పారు.

"గొడుగు తెమ్మనడం మంచిదైంది. ఎండ మాడిపోతోంది" అన్నారు.

అక్కడ జీడిపిక్కలు ఏరుకుంటున్న ఒక ముసలమ్మ పగలబడి నవ్వింది.

"ఈ ఎండల్లో గెడ్డేటి బాబూ? వానలు పడ్డాక రావాల. ఏ ఊరేటి మీది?"

"పలాస" అన్నాను, వీలైనంత మెల్లగా.

సుధ నావైపు చూసింది. సంబంధం చేయి జారిపోతోందని నాకు అర్థమైపోయింది. ఏదో ఒకటి చేసి పరువు నిలబెట్టుకోవాలి. ముసలమ్మ బుట్టలోంచి ఒక పచ్చిపిక్క తీశాను.

"జలపాతాలు ఎక్కడైనా ఉంటాయండీ. ఇది చూడండి! పప్పు దీంట్లోంచే వస్తుంది. మేం పుట్టినప్పట్నుంచీ పంటితోనే పగలగొట్టుకుంటాం" అని కసుక్కున కొరికాను.

"ఓలమ్మో! ఉమ్మీ బాబూ, ఉమ్మీ! పచ్చిపిక్క కొరికేత్తన్నావేటి? సొనకి మూతి ఉడికిపోద్ది! మేమే నూనె రాసుకుని గానీ సేత్తో ముట్టం!"

మీకు దాపరికం ఎందుకు? కాల్చి, కొట్టి, ఒలిచి డబ్బాలో పోసిన పప్పే తప్ప పిక్క నాకు తెలియదు. పెదాలకి నిప్పు అంటుకుంది. ముసలమ్మ కొబ్బరినూనె పూసింది. బారువ చేరేసరికి నా మూతి మినపగారెలా పొంగింది. మాట పెగలడం లేదు.

"ఈ రేవుకి ఒకప్పుడు ఓడలు వచ్చేవటగా?" అంటారాయన. నేను తల ఊపుతాను.

"మీకు కోపం ఎక్కువా?" అంటుంది సుధ. అడ్డంగా ఊపుతాను.

ఇచ్ఛాపురం బజారులోనూ ఇదే తంతు. సాయంత్రం వాళ్లని రైలెక్కించి ఇంటికొచ్చి, సంబంధం పోయిందని అమ్మకి సైగ చేశాను. నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు ఆయన ఫోన్. నేను మాట్లాడలేను కాబట్టి సూరిబావ ఎత్తి స్పీకర్ పెట్టాడు.

"జలపాతం సంగతి వదిలేయండి. అబ్బాయి మాకు నచ్చాడు. ఇంతకుముందు చూసినవాళ్లంతా ఒకటే వాగుడండీ. ఈ అబ్బాయి మూతి అంత వాచినా కిక్కురుమనలేదు. ఎంత ఓర్పు, ఎంత నెమ్మది! మా సుధకి అదే నచ్చిందట."

సూరిబావ నావైపు చూసి, "అవునండి, మావోడు మాటాడ్డమే తక్కువ" అన్నాడు.

పెళ్లయింది. నాలుగో రోజు మా దుకాణం సంగతులు సుధకి చెప్పడం మొదలుపెట్టాను. కాఫీ చల్లారింది, టిఫిన్ చల్లారింది, నేను చల్లారలేదు. చివరికి ఆమె ఎంతో మర్యాదగా అడిగింది.

"ఏవండీ, ఆ పచ్చిపిక్కలు ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతాయి?"

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కళ్లతో చూడని జలపాతాన్ని ఈ జన్మలో వర్ణించను. జీడిపిక్కల కాలంలో మా ఇంటి కూరగాయల సంచి నేను తప్ప వేరెవరూ పట్టుకోవడానికి వీల్లేదు.