ఆదివారం ఏడవని బిడ్డ

కరోనా వెళ్ళిపోయాక రెండో ఏడు, మాఘమాసం. దర్శి చుట్టుపక్కల మిరప కళ్ళాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. నేనప్పటికి ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళో సబ్ సెంటర్ చూసుకునే నర్సుగా, పంతొమ్మిదేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. ఊళ్ళో అందరూ నన్ను సిస్టరమ్మ అంటారు. నోరు పెద్దదని కూడా అంటారు. కాదనను. నోరు లేకపోతే ఈ ఉద్యోగంలో నెగ్గుకురాలేం.

ఒకరోజు మా ఆశా కార్యకర్త నసీమా ఫోన్ చేసింది. "సిస్టర్, చర్చి బజారులో కరుణ లేదూ, ఆమెకి పాలు పడట్లేదంట. రెండు నెలల పాప. రొమ్ము నోట్లో పెట్టడం ఆలస్యం, గుక్కపట్టి ఏడుస్తుందంట."

పాలు పడట్లేదంటే మావైపు రెండు అర్థాలు. తల్లికి పాలు రావట్లేదని ఒకటి, ఆ పాలు బిడ్డకి సరిపడట్లేదని ఇంకొకటి. నేను మొదటిదే విన్నాను. ఇందులో నా తప్పు అక్కడే మొదలైంది.

సాయంత్రం వెళ్ళేసరికి కరుణ అప్పుడే కళ్ళం నుంచి వచ్చి పాపని ఒళ్ళో వేసుకుంది. కాన్పయ్యి రెండు నెలలు నిండకముందే తాలుకాయలు ఏరే పనికి పోతోంది. తాలు అంటే ఎండాక రంగు పోయిన మిరపకాయ. దాన్ని ఏరి పక్కన పడేయాలి. అత్త రాహేలమ్మ కూడా అదే పని. పాపని కళ్ళం పక్కన చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి ఇద్దరూ వంతులేసుకుని చూసుకుంటున్నారు.

పాప రొమ్ము పట్టింది, రెండు గుటకలేసింది, ముఖం తిప్పేసుకుని కేకలు పెట్టింది. నోరు తెరిచి చూశాను, తెల్లపూత లేదు. జ్వరం లేదు. చెవులు బాగున్నాయి. లాచ్ సరిగ్గా లేదనుకున్నాను. లాచ్ అంటే బిడ్డ రొమ్ముని నోటితో పట్టే తీరు. కూర్చునే పద్ధతి నేర్పాను, తేన్పు తీయడం చూపించాను.

"చేతులు కడుక్కుంటున్నావా పాలిచ్చే ముందు?" అని అడిగాను. మిరప పనివాళ్ళని అది అడగక తప్పదు.

"సబ్బుతో మూడుసార్లు కడుగుతున్నా సిస్టరమ్మా."

సరే అనుకుని వచ్చేశాను. పని అయిపోయిందన్న తృప్తి కూడా ఉంది, ఎందుకు దాచాలి.

పది రోజుల తర్వాత నసీమాతో కలిసి వాళ్ళింటికి వెళ్ళి తూకం వేస్తే పాప పెరగలేదు. తల్లీబిడ్డల కార్డులో గ్రోత్ చార్ట్ అని ఉంటుంది, నెలనెలా బరువు చుక్కలు పెట్టి గీత గీస్తాం. ఆ గీత పైకి లేవలేదు. గూట్లో చూద్దును కదా, కొత్త పాల డబ్బా.

"ఆర్ఎంపీ డాక్టర్ గారు చెప్పారు," అంది రాహేలమ్మ. "తల్లిపాలు చేదెక్కాయంట. సోమవారం నుంచి రొమ్ము మాన్పించి డబ్బా పాలే పడతాం."

నాకు తిక్కరేగింది. "పాలు చేదెక్కడమేంటక్కా? ఆయనేమన్నా తాగి చూశాడా?"

నసీమా నవ్వాపుకుంది. కరుణ మాత్రం తల ఎత్తలేదు. "నేనంటే దానికి అసహ్యం సిస్టరమ్మా. అత్త ఎత్తుకుంటే ఊరుకుంటుంది. నా ఒళ్ళోకి రాగానే ఏడుపు," అంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. నాకు ఆర్ఎంపీ మీద ఉన్న కోపమంతా నా మీదికి తిరిగింది. పది రోజుల ముందు నేను చూసి వెళ్ళిన బిడ్డే కదా.

"ఒక్క పూటన్నా ఏడవకుండా తాగలేదా?" అన్నాను.

"రాత్రిపూట నిద్రమత్తులో కాస్త తాగుద్ది," అంది రాహేలమ్మ. "పగలైతే ఆదివారం ఒక్కటే. గుళ్ళో పాస్టరుగారి వాక్యం అయ్యేలోపు కడుపు నిండా తాగి నిద్రపోద్ది. ఇంటికొచ్చాక కూడా ఆ పూటంతా బాగానే ఉంటది. సోమవారం మళ్ళీ మామూలే. అందుకే అంటున్నా, ఇది సాతాను శోధన. ఇంట్లో ప్రార్థన పెట్టించాలి."

"పెట్టించు, నేనొద్దనను. కరుణా, ఆదివారం నువ్వు ఏం చేస్తావో వరసగా చెప్పు."

"ఏముంది సిస్టరమ్మా. కళ్ళానికి పోను. తలస్నానం చేసి గుడిచీర కట్టుకుంటా."

గుడిచీర అంటే తెల్లచీర. పెట్టెలో మడతపెట్టి ఉంటుంది, ఆదివారానికి తప్ప బయటికి రాదు. మిగతా ఆరు రోజులూ ఒకటే పనిచీర. రాత్రి విప్పి దండేనికి వేసి నైటీ వేసుకోవడం, పొద్దున్నే మళ్ళీ అదే చుట్టుకోవడం. పాలిచ్చేటప్పుడు దిష్టి తగలకుండా బిడ్డ ముఖం మీదుగా కొంగు కప్పుతుంది. అంతకుముందు చెమట పట్టిన రొమ్ముని ఆ కొంగుతోనే తుడుచుకుంటుంది.

ఆ కొంగు తీసుకుని నా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వరసగా అయిదారు తుమ్ములు. కళ్ళు భగ్గుమన్నాయి. కళ్ళం దుమ్మంతా అందులోనే ఉంది. చేతులు మూడుసార్లు కడుగుతోంది పాపం, కొంగు సంగతి అడగాల్సిన నేను అడగలేదు. దిష్టి తగలకూడదని కప్పిన గుడ్డే బిడ్డని మండించింది.

"గుడిచీర తియ్యి," అన్నాను.

రాహేలమ్మ అడ్డొచ్చింది. "గురువారం నాడు గుడిచీరేంటి సిస్టరమ్మా? అది దేవుడి సన్నిధికి దాచుకున్నది."

"బిడ్డనిచ్చింది కూడా ఆయనే కదక్కా."

"మాటలు బాగానే చెబుతారు మీరు. మైల చేసేస్తే?"

అంతవరకు అత్తకి ఎదురు చెప్పని కరుణ లేచింది. వెళ్ళి పెట్టె తీసింది. "మైలైతే ఉతుక్కుంటానత్తా. సోమవారం దాకా నేను ఆగను," అంది.

చర్మం మీది ఘాటు ఉత్త నీళ్ళకి పోదు. ముందు కొబ్బరినూనె రాసి తుడిపించి, తర్వాత సబ్బుతో స్నానం చేయించాను. తెల్లచీర కట్టుకుని కూర్చుంది. పాప మాత్రం రొమ్ము దగ్గరికి రాగానే మళ్ళీ ఏడుపు ఎత్తుకుంది. అన్నాళ్ళు మండిన నోరు, ఊరికే నమ్ముతుందా.

"చూశారా," అంది రాహేలమ్మ.

"కాసేపు నోరు మూసుకో అక్కా. కరుణా, ఏడుస్తున్న బిడ్డ నోట్లో రొమ్ము కుక్కొద్దు. ఏడ్చేటప్పుడు నాలిక పైకి లేచి ఉంటుంది, పట్టలేదు. భుజాన వేసుకుని తిరుగు. ఊరుకున్నాక నీ గుండెకి ఆనించి పడుకోబెట్టు. దానంతటదే వెతుక్కోనివ్వు."

నాలుగుసార్లు ఏడ్చింది. అయిదోసారి ముక్కుతో అటూ ఇటూ రాసి, పట్టింది. గుటక వినపడింది. తర్వాత ఇంకొకటి. కరుణ కళ్ళనీళ్ళు పాప నెత్తిమీద పడుతున్నా తుడుచుకోలేదు. పాపకి పూర్తిగా భయం పోవడానికి ఇంకో మూడు రోజులు పట్టింది.

అసలు గొడవ కళ్ళంలో జరిగింది. చీర మార్చుకుని, ఒళ్ళు తుడుచుకుని పాలివ్వాలంటే పూటకి అరగంట కావాలి. నేను వారం తర్వాత చూడ్డానికి వెళ్ళేసరికి కూలీల మేస్త్రి కేకలేస్తున్నాడు.

"పాలివ్వడానికి కొత్తచీరలేంటమ్మా, పెళ్ళికి పోతున్నావా? కూర్చుంటే కూర్చో, లేదంటే ఇంటికి పో."

"పోతానన్నా," అంది కరుణ. "బిడ్డకి పాలిచ్చి మళ్ళీ వస్తా. ఆపి చూడు."

నేను నోరు తెరిచేలోపు రాహేలమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "అది పోతే నేనూ పోతా. రేపు ఎవరితో ఏరించుకుంటావో చూస్తా," అంది. పక్కనున్న ఇద్దరు బాలింతలూ లేచారు. కోతల కాలంలో మనుషులు దొరక్క మేస్త్రులు ఊళ్ళు తిరుగుతున్నారు. అతను ఏదో గొణుక్కుంటూ లారీ వైపు వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికి గట్టు మీద తడికలతో చిన్న చాటు లేచింది. లోపల దండెం మీద మూడు ఉతికిన చీరలు.

ఆ తడిక దగ్గరే రాహేలమ్మ నన్ను ఆపింది. "సిస్టరమ్మా, మా పెద్దోడు కూడా ఇట్టాగే ఏడ్చేవాడు. మీరెరగరు, వాడు లేడు. నీ పాలు మంచివి కావని మా అత్త మాన్పించేసింది. గేదెపాలు పట్టాం. విరేచనాలు పట్టుకుని నాలుగో నెలలో పోయాడు. అప్పుడు కూడా నేను కళ్ళంలోనే పని," అని ఆగింది. "అయితే, నా పాలు మంచివేనా?"

పంతొమ్మిదేళ్ళ సర్వీసులో అంత చిన్న ప్రశ్నకి అంత ఇబ్బంది పడింది లేదు. "మంచివే అక్కా," అన్నాను. ఆమె తలూపింది. కొంగు ముఖం దాకా తెచ్చి, అది పనిచీర అని గుర్తొచ్చి, ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు నేను పాలు తాగుతూ ఏడ్చే బిడ్డని చూస్తే, ఎందుకు ఏడుస్తుందని ముందు అడగను. ఎప్పుడు ఏడవదని అడుగుతాను. కోతలొస్తే ముందు కళ్ళాలకే పోతాను, తడిక లేకపోతే మేస్త్రితో పెట్టుకుంటాను. తల్లిపాలు మంచివి కావని నా ముందు ఎవరన్నా అంటే, వాళ్ళు ఆర్ఎంపీ కానీ, అత్త కానీ, ఇంకెవరైనా కానీ, ఊరుకోను. నోరు పెద్దదంటారు. అననివ్వండి.