కుర్చీ చప్పుడయ్యాకే చీకటి

మొన్న తాడేపల్లిగూడెంలో మా మేనకోడలు వేయిస్తున్న నాటకం రిహార్సల్ చూద్దామని వెళ్ళి, హాలు వెనక వరుసలో కూర్చున్నాను. తలుపులన్నీ మూసేసి మిట్టమధ్యాహ్నాన్ని చీకటి చేశారు. అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్క మీట నొక్కింది, ఆ తరువాత ఇక చెయ్యి కదిపితే ఒట్టు. పాట మొదలైంది, పాటతోపాటే లైట్లు వాటంతటవే పసుపై, నీలమై, సన్నగిల్లాయి. చూడముచ్చటగానే ఉంది. కాని ఆ పాటలో మూడు మెట్లు దిగి వాలుకుర్చీ దాకా నడవాల్సిన ముసలి తండ్రి వేషం మా బావగారిది, అంటే ఆ అమ్మాయి కన్నతండ్రిదే. ఆయన రెండో మెట్టు మీద ఉండగానే పాట అయిపోయింది, స్టేజీ మొత్తం చీకటైపోయింది. నేను సీట్లోంచి లేచిపోయాను.

మళ్ళీ లైట్లు వచ్చేసరికి ఆయన అదే మెట్టు మీద, పక్కనున్న చేతిపట్టెను పట్టుకుని, ఏదో ఆలోచిస్తున్నవాడిలా నిలబడి ఉన్నారు. అందరూ నటన అనుకున్నారు. మా బావగారికి రేచీకటి ఉందని అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో ప్రతి గుమ్మమూ ఆయనకు కొలతే కాబట్టి తడబడరు, పొద్దుపోయాక బయటికి పిలిస్తే దోమలంటే చిరాకండీ అని తప్పుకుంటారు. ఆ మాట నమ్మి పిల్లలు పెద్దవాళ్ళైపోయారు.

ఆయన ఏలూరులో నాటకాలు ఆడే రోజుల్లో లైట్లు చూసేది నేనే. ఆ పని నాకెవరూ నేర్పలేదు, లెక్కలంటే ఉన్న పిచ్చి కొద్దీ బల్బుల వాట్లు కూడుకుంటూ, ఏ వైరు ఎంత మోస్తుందో, ఎక్కడ ఫ్యూజు కాలుతుందో చూసుకుంటూ నేర్చుకున్నాను. గూడెంలో రైసుమిల్లు దగ్గర స్టేజీ కడితే, ముందే వెళ్ళి మోటారు ఎప్పుడు వేస్తారో అడిగి వచ్చేవాణ్ణి, ఎందుకంటే అది తిరగడం మొదలుపెట్టగానే మా లైట్లన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చుకుని నీరసించేవి. కలిదిండి వైపు చేపల చెరువు జనరేటరు అడిగి తెచ్చుకున్నప్పుడు, అది ఎంత మోస్తుందని వాళ్ళు చెప్పినా నేను ముప్పావు వంతే లెక్కేసుకునేవాణ్ణి. వెలుగు తగ్గించడానికి పింగాణీ జాడీలో ఉప్పునీళ్ళు పోసి, అందులో వేలాడే రేకును తాడుతో పైకి లాగడం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఎన్ని ప్రాణాలు ఉంటే అంతటి సాహసం చేశామో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పని ఇప్పుడెవరూ చేయకూడదు.

ఆ తాడుకి ఒక్క మంచి గుణం ఉండేది, నేను లాగితేనే కదిలేది. బావగారూ నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాం. కుర్చీ చేరగానే ఆయన దాని చేతి మీద వేళ్ళతో రెండు దెబ్బలు కొడతారు, అది విన్నాకే నేను చీకటి చేస్తాను. చూసేవాళ్ళు అది వేషంలో భాగమనుకునేవారు. ఏ నాటకమైనా, రాజైనా గుమాస్తా అయినా, ఆయన కుర్చీ మీద ఆ చప్పుడు ఉండవలసిందే.

మొన్న ఆ చప్పుడు వినపడలేదు. టీకి ఆపినప్పుడు అమ్మాయిని అడిగాను.

“ఆ టకటకా? నేనే మానమన్నాను మావయ్యా. పక్కనే మైకు, హాలంతా వడ్రంగం పనిలా వినిపిస్తోంది.”

ఇంతలో బావగారు నన్ను స్టేజీ మీద ఓ పక్కకు పిలిచి, “చెప్పకోయ్, దానికి తెలిస్తే నన్ను కుర్చీలోంచి లేవనివ్వదు. ఇదే నా ఆఖరి వేషం” అన్నారు.

ఇటు చూస్తే మాట, అటు చూస్తే మెట్లు. ఏంచేయాలో తోచక, పనికి సంబంధించిన మాటల్లాగా మొదలుపెట్టాను. కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కాసేపూ ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, మరి లైట్లకు మాట చేరవేసే డబ్బాకి ఉందా అని అడిగాను. ఫైలు ఇంకోచోట దాచావా అన్నాను. మెట్ల కింద ఒక చిన్న దీపం ఎప్పుడూ ఆరకుండా ఉంచమన్నాను. పాటకి కట్టిన లైట్లు పాటకే ఉండనీ, మనిషి నడిచే చోటు మాత్రం విడదీసి నీ చేతిలో పెట్టుకో, మనిషి రోజుకోలా నడుస్తాడమ్మా అన్నాను.

“ఏవండీ మావయ్యగారూ, మీరు నాటకానికొచ్చారా, ఆడిట్‌కొచ్చారా? టైము సరిగ్గానే ఉంది, నాన్నగారే ఆలస్యం” అని నవ్వి, స్టేజీ వైపు చూసింది. పనికోసం వేసిన ఒక్క లైటే వెలుగుతోంది. బావగారు టీకోసం దిగి వస్తూ, అరికాలితో మెట్టు అంచు తడుముతున్నారు. అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

“నాన్నగారికి కనపడటం లేదా?”

పైనుంచి ఆయనే అందుకున్నారు.

“మసక చీకట్లో ఎవరికి కనపడుద్దే? పిల్లులకా?”

ఆ పిల్ల నవ్వలేదు. వేషం తీసేస్తుందనే నా భయం. ఎదురెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని దింపింది, టీ గ్లాసు చేతికిచ్చింది, కాసేపటికి ఆ కుర్చీ వైపు చూస్తూ, “ఆ చప్పుడు మళ్ళీ కొట్టండి నాన్నగారూ, మైకు నేను జరుపుకుంటాను” అంది.

మర్నాడు సాయంత్రం ప్రదర్శనలో నేను ఆమె వెనకే కూర్చున్నాను. పాట అయిపోయింది, బావగారు ఇంకా మెట్ల మీదే ఉన్నారు. హాలంతా నిశ్శబ్దం. అమ్మాయి వేలు మీట మీద ఆనకుండా, తాకకుండా ఆగి ఉంది. ఆయన దిగారు, నడిచారు, కుర్చీ పట్టుకున్నారు. రెండు దెబ్బలు. అప్పుడు దించింది వేలు. చీకటి మెల్లగా వచ్చి ఆయన చుట్టూ కూర్చుంది.

ఆ చీకట్లో నా కుడిచెయ్యి లేని తాడును పట్టుకుని ఉందని కాసేపటికి గమనించాను. జాడీలు పోయాయి, తాళ్ళు పోయాయి, పోవలసినవే, వాటి మీద నాకు బెంగ లేదు. కాని ఆ రెండు దెబ్బలు ఇన్నేళ్ళూ ఆయన నాతో మాత్రమే అన్న మాట. ఆ సాయంత్రం మొదటిసారి అవి నాకోసం కాదు.