వేడినీళ్ళ కాలవలో పోసిన నూనె

రెండు డబ్బాల నల్లనూనె బరువు ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. డబ్బాలు ఎప్పుడో తుప్పుపట్టి పోయాయి. బరువు పోలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

జగ్గయ్యపేటకి పెద్ద లైన్ల కరెంటు ఇంకా రాని రోజులు. ఊరి చివర రేకుల షెడ్డులో ఆయిలింజను ఉండేది. బజారు దీపాలన్నీ దాని మీదే. మా ఆయన దానికి డ్రైవరు. పొద్దుగూకే వేళ అది దడదడమని మొదలైతే మా ఇంట్లో గిన్నెలు వణికేవి, దండెం మీది బట్టలకి మసి పట్టేది, అయినా దీపాలు వెలగ్గానే వీధి పిల్లలంతా కేకలు పెట్టేవాళ్ళు. ఇప్పటికీ ఎక్కడన్నా డీజిలు వాసన తగిలితే నాకు ఆ సాయంత్రాలే గుర్తొస్తాయి. మంచి వాసనేం కాదు. మరి నాకెందుకంత ఇష్టం?

ఇంజనుని చల్లబరిచిన నీళ్ళు పొగలు కక్కుతూ కాలవలోకి వచ్చేవి. వీధి ఆడవాళ్ళం అక్కడే బట్టలుతికి, పిల్లలకి తలంట్లు పోసేవాళ్ళం. ఆ నీళ్ళే చివర గుంటలో చల్లారి, మీరాబి మల్లెమడికి పారేవి. మీరాబి మా పక్కింటి పిల్ల. మొగుడు జట్కా తోలేవాడు గానీ, ఇల్లు గడిచేది ఆ పూలమీదే. రోజూ నాకొక మూర పక్కన పెట్టేది.

ఇంజనులోంచి తీసిన పాత నూనెని డబ్బాలకి పట్టి ఉంచితే, చిల్లకల్లు బండ్లవాళ్ళు ఇరుసులకి పట్టుకెళ్ళేవాళ్ళు. చుక్క కూడా కాలవలో పడకూడదని మా ఆయన పదిసార్లు చెప్పాడు. ఆ వేసవిలో బండ్లు రాలేదు. నాకేమో రంపంపొట్టు కూరి మండించే పొట్టుపొయ్యి చేయించుకోవడానికి ఖాళీ డబ్బాలు కావాలి. నాలుగు రోజులు ఆగలేకపోయానా? ఆగలేకపోయాను. మిట్టమధ్యాహ్నం రెండూ కాలవలో వంపేసి, మర్నాడు ఇంజను నీళ్ళు వేడిగా రాగానే జిడ్డు వదిలేదాకా తోమాను. నీళ్ళమీద నెమలికంఠం రంగులు తేలుతూ పోయాయి. బాగున్నాయని నిలబడి చూశాను కూడా.

పది రోజులకి మొగ్గలు నల్లబడి రాలాయి. మీరాబి గుప్పెడు మట్టి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, నూనె ఏమన్నా ఇటు వదిలారా? మట్టి జిగటగా ఉంది."

"మీ బావ చుక్క పడనిస్తాడా పిల్లా? నువ్వు చల్లిన చీమలపొడి ఎక్కువైందేమో చూసుకో."

తను ఆ మట్టిని వేళ్ళతో నలిపి వాసన చూసింది.

"నిజమే. రెండు గుప్పిళ్ళు ఎక్కువే చల్లా. బావగారిని అనుమానించా, తప్పైపోయింది, ఆయనతో అనమాకక్కా."

నేను అబద్ధమాడితే, క్షమించమన్నది తను.

ఆ మడి మళ్ళీ చిగురించలేదు. ఏడాది తిరక్కుండా వాళ్ళు నందిగామ వెళ్ళిపోయారు. తర్వాత పెద్ద కరెంటు వచ్చింది, ఇంజను ఆగింది, కాలవ ఎండింది. ఆ పొట్టుపొయ్యి మీద ఎన్నేళ్ళు వండానో. నందిగామలో మీరాబి పెరట్లో ఒక్క మొక్క కూడా వెయ్యలేదట. తన చెయ్యి మంచిది కాదని, విత్తనం ముట్టుకోవాలన్నా భయమని అందరితో అనేదట. అది విన్నరోజే బస్సెక్కి వెళ్ళవలసింది. గంట ప్రయాణం. ఎందుకు వెళ్ళలేదు? మా ఆయన పేరు పోతుందనా? ఆయన పోయాక కూడా వెళ్ళలేదే.

ఇప్పుడు మీరాబీ లేదు. ఈ మాట ఆలస్యమైపోయింది, అయినా రాస్తే గుండె కాస్త తేలికపడింది. మీరాబీ, నీ చెయ్యి మంచిదే. పాడుచేసిన చెయ్యి ఇదుగో, ఇది రాస్తున్న చెయ్యి.